వెంకటేశ్వర్లు వెంకటేశ్ ఎలా అయ్యాడు: తెలుగు పిల్లల పేర్లలో నిజంగా మారినదేమిటి

ఏ ఊరిదైనా సరే, ఒక పోలింగ్ బూత్ ఓటర్ల జాబితా తెరిచి వయసు గడి చూస్తూ కిందికి వస్తే తెలుగు పేర్ల చరిత్ర కళ్ల ముందు కదులుతుంది. డెబ్బై దాటినవాళ్లు సుబ్బయ్య, వెంకమ్మ, ఆంజనేయులు, నర్సమ్మ, రాములు. యాభై దగ్గర రమేష్, శ్రీనివాస్, సునీత, విజయలక్ష్మి. పాతికేళ్ల వరసలో సాయితేజ, మౌనిక, కార్తీక్, శ్రావణి. అదే ఊరి అంగన్‌వాడీ రిజిస్టరుకు వెళ్తే విహాన్, ఆద్య, రియాంశ్, హన్విక. ముత్తాత పేరుకూ మునిమనవడి పేరుకూ మధ్య పోలిక వెతకాలంటే కష్టమే.

దీనికి ఇళ్లలో తరచూ వినిపించే వివరణ ఒకటుంది: తెలుగు పేర్లు పోయి సంస్కృతం పేర్లు వచ్చాయని. అది సగమే నిజం. రామ, సీత, లక్ష్మి, నారాయణ, ఆంజనేయ వంటి పాత పేర్ల మొదళ్లూ సంస్కృతమే. ఎక్కువగా మారింది పేరు మొదలు కాదు, చివర. అయ్య, అమ్మ, అన్న, అప్ప, లు అనే తోకలు రాలిపోయాయి.

క్లుప్తంగా: తెలుగు పేరులో తెలుగుదనం ఎక్కువగా దాని ముగింపులో ఉండేది. బడి రిజిస్టరు, ఉత్తరాది వాడుక, చిన్న కుటుంబం, ఇంగ్లీషు స్పెల్లింగు, కులం గుర్తు వద్దనుకోవడం కలిసి ఆ ముగింపును తీసేశాయి. ఈ మార్పు మగపిల్లల పేర్లలో తీవ్రంగా, ఆడపిల్లల పేర్లలో తక్కువగా కనిపిస్తుంది. ఇప్పటి కొత్త పేర్లలో కొన్నింటికి నిఘంటువులో అర్థమే దొరకదు. దానికి నక్షత్రం అక్షరమూ ఒక కారణం.

లెక్క ఎక్కడ దొరుకుతుంది

అమెరికాలో సామాజిక భద్రతా సంస్థ 1880 నుంచి పుట్టినవారి పేర్ల లెక్కను బయట పెడుతుంది. ఒక ఏడాదిలో కనీసం 5 మందికి పెట్టిన పేరైతే చాలు, జాబితాలో ఉంటుంది. ఆ లెక్క ప్రకారం 1880లో పుట్టిన మగపిల్లల్లో నూటికి 8 మంది జాన్‌లు. ఇప్పుడు అక్కడ మొదటి స్థానంలో ఉన్న లియామ్‌కు దక్కేది నూటికి సుమారు ఒకరు. అంటే జనం ఒకే పేరు చుట్టూ గుమిగూడడం అక్కడ బాగా తగ్గిపోయింది.

మన దగ్గర అలాంటి అధికారిక జాబితా లేదు. జనన మరణాల నమోదు నుంచి పుట్టుకల సంఖ్య వస్తుంది కానీ పేర్ల వరస రాదు. ఏటా ఇంటర్నెట్‌లో తిరిగే 'ఈ ఏడాది టాప్ 100 తెలుగు పేర్లు' ఎవరూ పుట్టుకలు లెక్కపెట్టి తయారు చేసినవి కావు. ఆయా సైట్లలో జనం ఏ పేరు వెతికారన్నది మహా అయితే వాటి ఆధారం. వెతికిన పేరు, పెట్టిన పేరు ఒకటి కావు.

ఉన్నవాటిలో నమ్మదగిన ఆధారం ఓటర్ల జాబితానే. పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు ఒకే గడిలో ఉంటాయి కాబట్టి ఒక్క బూత్‌లోనే మూడు తరాల్ని పోల్చవచ్చు. దాని లోపాలూ తెలిసి ఉండాలి. వలస వెళ్లినవాళ్లు, చనిపోయినవాళ్లు కనపడరు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు ఉండరు. కొత్త పేర్ల గురించి మాట్లాడేటప్పుడు అందరం బడి హాజరు పట్టీలు, బారసాల పిలుపులు చూసి చెబుతున్న మాటలే అని గుర్తుంచుకోవాలి.

తెలుగుదనం తోకలో ఉండేది

తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు పలకాలి. బస్ వస్తే బస్సు చేసుకున్నాం, లైట్‌ను లైటు చేసుకున్నాం. సంస్కృతం నుంచి రామ శబ్దం వస్తే తెలుగు దానికి 'డు' తగిలించి రాముడు చేసింది. దేవుణ్ణి రాముడు అనవచ్చు. పక్కింటి పెద్దాయనను అలా అంటే మర్యాద తప్పినట్టే. అందుకే మనుషుల పేర్లకు వేరే ముగింపులు కావలసి వచ్చాయి. ఆ ఒక్క రామ శబ్దం నుంచే రామయ్య, రామన్న, రామప్ప, రాములు, రామారావు, రామక్క, రామవ్వ పుట్టారు. ఆంజనేయులు, శ్రీనివాసులు, వెంకటేశ్వర్లు అనే పేర్ల చివర ఉన్న 'లు' గౌరవ బహువచనం. పేరులోనే 'గారు' కలిసిపోయిందన్నమాట.

ఇది నిన్నమొన్నటి పద్ధతి కాదు. నన్నయ, తిక్కన, పోతన, పెద్దన అన్న పేర్ల చివర ఉన్నవి అయ్య, అన్నలే. అన్నమయ్య భార్య తిమ్మక్క. తిమ్మ అన్న మొదలు తిరుమల నుంచి వచ్చింది. ఎక్కడిదైనా మాటను నలిపి నోటికి నప్పేలా చేసుకుని, చివర చుట్టరికం మాట తగిలించడం తెలుగువాళ్లు పేరు పెట్టే పద్ధతి. అన్న, అక్క, అయ్య, అమ్మ, అప్ప, అవ్వ అన్నీ ఇంట్లో వరసలే కదా. పేరు పెట్టి పిలిస్తే చాలు, వరస కలిపినట్టే.

మతాలు వేరైనా తోక ఒకటే. మరియ మరియమ్మ అయింది, మార్త మార్తమ్మ అయింది. దర్గాలకు మొక్కుకుని పుట్టిన హిందూ పిల్లలు మస్తానమ్మ, సైదులు, దస్తగిరి అయ్యారు. పీర్ల పండుగ చుట్టూ పుట్టినవాళ్లు పీరయ్య, పీరమ్మ, ఉసేనయ్య. పోచమ్మ, మరియమ్మ, మస్తానమ్మ ఒకే వీధిలో ఉంటే, తోక చూసి ఏ దేవుడిని కొలిచే ఇల్లో చెప్పలేం. తెలుగువాళ్లని మాత్రం చెప్పగలం.

పేరు చెబితే ఊరు తెలిసేది

తోక తెలుగు అని చెబితే, మొదలు ఏ తావో చెప్పేది. ఉత్తరాంధ్రలో సింహాద్రి అప్పన్న పేర అప్పన్న, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ. విజయనగరం పైడితల్లి పేర పైడిరాజు, అనకాపల్లి నూకాలమ్మ పేర నూకరాజు. తుని దగ్గర తలుపులమ్మ లోవకు మొక్కిన ఇళ్లలో లోవరాజు, లోవలక్ష్మి. అన్నవరం స్వామి పూర్తి పేరు వీర వెంకట సత్యనారాయణ. గోదావరి జిల్లాల్లో మనిషి పేరు ముందు వి.వి. అని రెండు పొడి అక్షరాలు కనిపిస్తే చాలాసార్లు ఆ కొండ మీది దేవుడే. పల్నాడు వైపు కోటప్పకొండ వల్ల కోటేశ్వరరావు, కోటమ్మ. నెల్లూరు వైపు పెంచలకోన వల్ల పెంచలయ్య. కర్నూలు, కడప వైపు అహోబిలం నలిగి ఓబులం అయి, ఓబులేసు, ఓబులమ్మ.

తెలంగాణలో వేములవాడ రాజన్న పేర రాజయ్య, రాజేశం, రాజవ్వ. యాదగిరిగుట్ట పేర యాదయ్య, యాదమ్మ. కొమురవెల్లి మల్లన్న పేర కొమురయ్య, కొమురవ్వ. ఐలోని మల్లన్న పేర ఐలయ్య, ఐలమ్మ. మేడారం తల్లుల పేర సమ్మయ్య, సారయ్య, సమ్మక్క. సాయుధ పోరాట చరిత్రలో నిలిచిన దొడ్డి కొమురయ్య, చాకలి ఐలమ్మ వంటి పేర్లు ఈ మల్లన్న గుళ్ల నేల మీద పుట్టినవే.

ఇప్పుడు విహాన్ అనే పేరు విని శ్రీకాకుళమో ఆదిలాబాదో భోపాలో చెప్పలేం. మొక్కులు ఆగలేదు. అన్నవరంలో వ్రతాలు, వేములవాడ రాజన్నకు కోడెమొక్కులు సాగుతూనే ఉన్నాయి. కానీ మొక్కుకున్న దేవుడి పేరు ఇప్పుడు బిడ్డ చెవిలో చెప్పే పేరుగానో, సర్టిఫికెట్‌లో ఒక పొడి అక్షరంగానో మిగులుతోంది. పిలిచే పేరు వేరు.

పెంటయ్య, తవిటయ్య, బిక్షపతి

పాత జాబితాల్లో ఇప్పటివాళ్లకు అర్థం కాని ఒక గుంపు ఉంది. పెంటయ్య, పెంటమ్మ. తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు. బిక్షమయ్య, బిక్షపతి. ఇవి తక్కువ చేసి పెట్టిన పేర్లు కావు. బిడ్డను బతికించుకోవడానికి పెట్టినవి.

వరసగా పిల్లలు పుట్టి పోతున్న ఇంట్లో, మళ్లీ పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తిరిగి తెచ్చుకునేవారు. లేదా దోసెడు తవుడుకు పొరుగింటికి అమ్మినట్టు చేసి మళ్లీ కొనుక్కునేవారు. లేదా ఇల్లిల్లూ తిరిగి అడుక్కొచ్చిన భిక్షతో బిడ్డకు ఏదైనా చేయించేవారు. బిడ్డకు విలువ లేదని చూపిస్తే మృత్యువు కన్ను పడదని నమ్మకం. ఏం చేశారో అదే పేరయ్యేది.

1971లో దేశంలో పుట్టిన ప్రతి 1000 మంది శిశువుల్లో 129 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. 2020 నాటికి అది 28. ఇలా తగ్గుతున్నకొద్దీ పెంటయ్య అన్న పేరు పెట్టాల్సిన అవసరమే తగ్గిపోయింది. పేర్ల మార్పులో ఇష్టాయిష్టాలతో సంబంధం లేకుండా జరిగినది ఇదొక్కటే. ఆ పేరున్న ముసలివాళ్లను చూసి నవ్వే పిల్లలకు దాని వెనక ఎంత దుఃఖం, ఎంత ఆశ ఉన్నాయో ఎవరో ఒకరు చెప్పాలి.

తోక అందరికీ దక్కలేదు

తోకలు పోవడాన్ని అచ్చంగా నష్టం అనడానికి లేదు. కాగితం మీద పోచయ్య, ఎల్లయ్య అని ఉన్నా, దొర గడీ ముందు, కామందు వాకిట్లో ఆ 'అయ్య' పలికేది కాదు. పోచిగా, ఎల్లిగా అనే పిలిచేవారు. ఆడవాళ్లు పోచి, ఎల్లి అయ్యేవారు. చాలా రికార్డుల్లోనూ 'అయ్య' రాలిపోయి 'డు' మిగిలింది. మర్యాద తోక కొందరికి పుట్టుకతోనే వచ్చేది, కొందరికి ఎప్పుడూ లేదు. పైగా ఊరి దేవత పేరు వినగానే కులం, వాడ తెలిసిపోయేవి.

రమేష్, సురేష్, మహేష్, నరేష్ అన్నవి 1970, 80లలో వాన కురిసినట్టు కురవడానికి ఇది గట్టి కారణం. ఆ పేరు ఏ ఇంటిదైనా ఒకటే. దాన్ని నలిపి తక్కువ చేసి పిలవడం కష్టం. బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు రిజిస్టరులో రాసిన పేరే ఎస్సెస్సీ మెమోకు, అక్కడి నుంచి ఉద్యోగానికి వెళ్లేది. ఇంట్లో పోచయ్య, బడిలో ప్రసాద్ అయినవాళ్లు అన్ని జిల్లాల్లోనూ ఉన్నారు. మొదటి తరం చదువుకున్న కుటుంబాలకు ఆ కొత్త పేరు ఒక విడుదల. ఈ కోణం వదిలేసి 'మన పేర్లు పోయాయి' అని బాధపడటం అన్యాయం.

మధ్యలో ఒక మజిలీ కూడా ఉంది. అయ్య నుంచి నేరుగా రమేష్‌కు రాలేదు. మగవాళ్లకు రావు, కుమార్, బాబు, ప్రసాద్, మోహన్. ఆడవాళ్లకు దేవి, కుమారి, రాణి, లక్ష్మి. చుట్టరికం తోక పోయి, అలంకారం తోక వచ్చింది. తర్వాతి తరంలో అదీ పోయింది. విజయకుమారి కూతురు సునీత, రామారావు కొడుకు కిరణ్. 1990ల తర్వాత తోక వెళ్లి పేరు ముందుకు చేరింది: సాయి. సాయికిరణ్, సాయితేజ, సాయిప్రియ, సాయిలక్ష్మి. మగకూ ఆడకూ పనికొచ్చి, ఏ పేరుకైనా అతుక్కునే ఇంత తేలికైన ముక్క తెలుగు పేర్లలో మరొకటి రాలేదు. షిర్డీ, పుట్టపర్తి రెండింటి భక్తీ దాని వెనక ఉంది.

రాజకీయమూ పేర్లు పెట్టింది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో గాంధీ, నెహ్రూ, బోసు సొంత పేర్లయ్యాయి. కమ్యూనిస్టు పల్లెల్లో లెనిన్, స్టాలిన్ పుట్టారు. నాస్తికోద్యమ నాయకుడు గోరా తన పిల్లలకు పెట్టిన పేర్లు వీటన్నిటికీ ఒక అడుగు ముందున్నాయి. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకు లవణం, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో పుట్టినవాడు సమరం, తొమ్మిదో సంతానం నౌ. దేవుడు లేడు, కులం లేదు, తోక లేదు. అయినా లవణం, సమరం నోటికి అచ్చంగా తెలుగు మాటలే. పేరు తెలుగుగా ఉండటానికి భక్తి తప్పనిసరి కాదని ఆ రెండు పేర్లు రుజువు.

పొల్లు ఎలా వచ్చింది, ఎవరికి వచ్చింది

సంస్కృతంలో 'రామ' అచ్చుతో ముగుస్తుంది. హిందీలో చివరి 'అ' పలకరు, అందువల్ల రామ్. తెలుగు అదే చోట డు, అయ్య, లు చేర్చి అచ్చు నిలబెట్టుకుంది. వెంకటేశ్వర్లు తోక తీసేసినప్పుడు తెలుగు పద్ధతి ప్రకారం మిగలాల్సింది వెంకటేశ్వర. ఉత్తరాది వాడుక, ఇంగ్లీషు స్పెల్లింగు కలిసి దాన్ని వెంకటేశ్ దగ్గర ఆపాయి. అలా మగపిల్లల పేర్లకు పొల్లు, అంటే అచ్చు లేని చివరి హల్లు, వచ్చింది.

ఆడపిల్లలకు అలా జరగలేదు. సంస్కృతంలో లతా, సీతా దీర్ఘంతో ముగుస్తాయి. హిందీ ఆ దీర్ఘాన్ని ఉంచుకుంది, తెలుగు కుదించి లత, సీత అంది. రెండు చోట్లా అచ్చు ఉంది. అందుకే సునీత, అనన్య, ఆద్య, వెన్నెల వినడానికి తెలుగు మాటల్లాగే ఉంటాయి. అద్వైత్, విహాన్, ఆరవ్ ఉండవు. ఈ తేడా వల్లే అచ్చ తెలుగు మాటల్ని ఆడపిల్లలకు పెట్టడం సులువైంది. వెన్నెల, సిరి, పున్నమి, మువ్వ వంటివి మళ్లీ వినపడుతున్నాయి. పూవు పేరు పెట్టుకున్న మొల్ల కాలం నుంచి అది ఆడపిల్లలకు ఉన్న దారే. మగపిల్లలకు అలాంటి అచ్చ తెలుగు పేరు చెప్పమంటే చాలామంది ఆలోచనలో పడతారు, ఎందుకంటే వాళ్ల పేర్లలో తెలుగు ఉన్నది తోకలోనే.

నోరు మాత్రం పొల్లును ఇప్పటికీ ఒప్పుకోలేదు. అమ్మ పిలిస్తే 'కిరణూ', 'రమేషూ', 'విహానూ' అనే పిలుస్తుంది. కాగితం మీద తీసేసిన అచ్చు వాకిట్లో తిరిగి వస్తుంది.

నక్షత్రం అక్షరం: 108 మెట్లు

27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు, మొత్తం 108. ఒక్కో పాదానికి ఒక అక్షరం. చంద్రుడు ఒక నక్షత్రంలో దాదాపు ఒక రోజు ఉంటాడు కాబట్టి పాదం సుమారు 6 గంటలు. పుట్టిన సమయానికి ఏ పాదం నడుస్తుందో ఆ అక్షరంతో పేరు మొదలవ్వాలన్నది నియమం. అశ్వినికి చూ, చే, చో, లా. రోహిణికి ఓ, వా, వీ, వూ. అనూరాధకు నా, నీ, నూ, నే.

వా, నా, మా వంటి అక్షరాలకు పేర్లకు కొదవ లేదు. చిక్కంతా మిగతా వాటితోనే. ఆశ్లేషకు డీ, డూ, డే, డో. సంస్కృతంలో డ-తో మొదలయ్యే మాటలే బహు తక్కువ. పుబ్బ చివరి మూడు పాదాలకు టా, టీ, టూ. హస్త మూడో పాదానికి ణ. ఆర్ద్ర మూడో పాదానికి ఙ, దానితో తెలుగులో పేరు మొదలుకాదు. పాతకాలంలో ఈ చిక్కే లేదు, ఎందుకంటే నక్షత్ర నామం వేరు, వ్యవహార నామం వేరు. మొదటిది పూజల్లో సంకల్పానికి, రెండోది తాత పేరో మొక్కు పేరో. రెండూ ఒకటే కావాలని పట్టుబట్టడం ఇటీవలి అలవాటు. ఇంట్లో జరిపే సంస్కారాల నియమాలు చెప్పే పాత గ్రంథాలు, గృహ్యసూత్రాలు, పట్టించుకున్నది అక్షరాల సంఖ్యను: మగపిల్లవాడికి సరి, ఆడపిల్లకు బేసి. ఇప్పుడు ఆ లెక్క చూసేవాళ్లు అరుదు.

కాన్పు సమయాన్నే ఎంచుకోవడం కూడా ఈ లెక్కలోకి వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సిజేరియన్ కాన్పులు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. ముందే అనుకున్న ఆపరేషన్లలో ముహూర్తం చూసుకునే కుటుంబాలు నక్షత్రంతో పాటు అక్షరాన్నీ ఎంచుకుంటున్నట్టే. పేరు కోసం కాన్పు గంట జరపడం మాత్రం తగని పని. ఆ నిర్ణయం వైద్యులది.

అర్థం లేని పేరు ఎలా తయారవుతుంది

అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో సగటున ఒక మహిళకు పిల్లలు ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. ఆరుగురు పిల్లలున్నప్పుడు ఒకరికి నాన్నగారి నాన్న పేరు, ఇంకొకరికి అమ్మ వైపు, మరొకరికి కులదైవం, అలా పంచేవారు. ఒక్కరో ఇద్దరో అయితే ఆశలన్నీ ఒక్క పేరు మీదే పడతాయి. నక్షత్రం అక్షరం కావాలి, క్లాసులో ఇంకెవరికీ ఉండకూడదు, చిన్నగా ఉండాలి, ఇంగ్లీషులో తేలిగ్గా రాయగలగాలి. నాలుగు షరతులూ తీర్చే మాట నిఘంటువులో లేకపోతే కొత్తగా కుట్టేస్తారు.

కుట్టే పద్ధతి పాతదే. రమా, ఈశ కలిస్తే రమేశ. సుర, ఈశ కలిస్తే సురేశ. ఉమా, ఈశ కలిస్తే ఉమేశ. ఒక్క 'ఈశ'తో అన్నదమ్ముల జతలు వచ్చాయి. వాటి చివర రావలసింది శ, రాస్తున్నది ష, అయినా మొదలూ చివరా రెండూ నిజమైన మాటలే. శివాంశ్ కూడా అంతే: శివ, అంశ. దేవాంశ్ అంతే. రియాంశ్ దగ్గరికి వస్తే 'అంశ' ఉంది గానీ 'రియ' సంస్కృతంలో లేదు. తోక ఉంది, ఒళ్లు లేదు. బాలక నుంచి బాలిక, నాయక నుంచి నాయిక వచ్చినట్టు 'ఇక' ఆడపిల్లల పేర్లకు చక్కని ప్రత్యయం. హన్వికలో ఆ ప్రత్యయం అతికిన మూలమేదో తేలదు. ఇలాంటి పేర్ల పక్కన లక్ష్మీదేవి, సూర్యకిరణం, విష్ణు అంశ అని రాసి ఉండే అర్థాలు ఒక సైటు నుంచి ఇంకో సైటు ఎత్తి రాసుకున్నవే.

అర్థం లేకపోతే పెట్టకూడదా అంటే, అది ఆ తల్లిదండ్రుల ఇష్టం. బుజ్జికీ, నానికీ మాత్రం ఏం అర్థం ఉంది? అర్థం ఉందనుకుని పెట్టి, పదేళ్లకు బిడ్డ తెలుగు మాస్టారిని అడిగినప్పుడు లేదని తెలియడమే బాధ. చూసుకోవడం కష్టం కాదు. ముందు పేరును తెలుగు లిపిలో రాయాలి. తర్వాత ముందు చేరిన ఉపసర్గ, మూలం, చివర చేరిన ప్రత్యయం విడదీయాలి. మూలాన్ని ఆంధ్రభారతి వంటి ఆన్‌లైన్ నిఘంటువులో వెతకాలి. మూలం దొరక్కుండా పేరు మొత్తం పేర్ల సైట్లలోనే దొరికితే అది కొత్తగా కుట్టిన పేరు.

ఇంగ్లీషులో ముందు, తెలుగులో తర్వాత

ఋత్విక్ అంటే యజ్ఞం చేయించే పురోహితుడు. మంచి మాట. ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్లేసరికి ఋ అనే అక్షరం లేక ఆర్, ఐ అయింది. కొందరు ముందు ఒక హెచ్ కూడా పెట్టారు. దాన్ని మళ్లీ తెలుగులోకి తెచ్చినవాళ్లు ఒకచోట రిత్విక్, ఒకచోట హృత్విక్, ఒకచోట రిథ్విక్ అని రాశారు. బిడ్డ ఒక్కడే, పేర్లు నాలుగు. ఇప్పుడు చాలా ఇళ్లలో పేరు పుట్టేది ఫోనులో, ఇంగ్లీషు అక్షరాల్లో. తెలుగు స్పెల్లింగు ఆశా కార్యకర్తో, మున్సిపల్ ఆపరేటరో ఊహించి రాస్తారు.

ముఖ్యమైన చిక్కు త, ట. దక్షిణాదిలో త-కు టి, హెచ్ రెండూ రాస్తాం. ఉత్తరాదిలో టి ఒక్కటే. సాత్విక్, సునీత, అన్విత వంటి పేర్లకు రెండు స్పెల్లింగులూ తిరుగుతుంటాయి. న్యూమరాలజీ కోసం అదనపు ఎ, హెచ్ కలిపితే ఇంకో రూపం. జనన ధ్రువపత్రంలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, బడిలో ఒకటి పడితే సరిచేయించుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఆధార్‌లో పేరు మార్పుకు జీవితకాలంలో 2 అవకాశాలే ఉన్నాయి.

ఇక్కడ చట్టం కూడా బిగిసింది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడి చేరిక, ఓటు, పాస్‌పోర్టు, ప్రభుత్వ ఉద్యోగం వంటివాటికి జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారం. ఒకప్పుడు పేరు ఖాయం చేసింది బడి రిజిస్టరు, అంటే అయిదేళ్ల వయసు. ఇప్పుడు మొదటి ఏడాదిలోనే. జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఆ రోజుకు పేరు సిద్ధంగా లేకపోతే తొందరపడి ఏదో ఒకటి రాయించనక్కరలేదు. పేరు గడి ఖాళీగా నమోదు చేయించి, 12 నెలల్లోగా రుసుము లేకుండా చేర్పించవచ్చు. తర్వాతైతే 15 ఏళ్ల దాకా రుసుముతో వీలుంటుంది. ఒకసారి పేరు ఎక్కాక రాతలో తప్పు దిద్దుతారు కానీ, మనసు మారిందని వేరే పేరు రాయరు. ఆ పత్రం చేతికి రాగానే తెలుగు, ఇంగ్లీషు రెండు రూపాలూ చదివి చూసుకోవాలి. బడి రికార్డుల్లో తేలిగ్గా దిద్దుకోవడానికి చివరి అవకాశం పదో తరగతి పరీక్ష రాసేవాళ్ల జాబితా, అంటే నామినల్ రోల్స్, బోర్డుకు వెళ్లే ముందు.

ఇంటి పేరు ఇంకో ముడి. మనం ఇంటి పేరు ముందు రాస్తాం. ఫారంలో 'లాస్ట్ నేమ్' అని చూసి చివర ఉన్న సొంత పేరునో, రావునో, రెడ్డినో రాసేస్తారు. తండ్రి పాస్‌పోర్టులో ఇంటి పేరు, కొడుకు పాస్‌పోర్టులో రావు ఇంటి పేరుగా పడి ఇద్దరూ కాగితాల మీద వేరే కుటుంబాలైపోతారు. పొడి అక్షరాలు పాస్‌పోర్టు, పాన్ దరఖాస్తుల్లో పేరు గడిలో చెల్లవు. విడదీసి రాయాల్సిందే. వి.వి.ఎస్. అన్న మూడు అక్షరాలు అక్కడ వీర వెంకట సత్య అయి బోర్డింగ్ పాస్ మీద పట్టవు. పేరంతా ఇంటి పేరు గడిలో రాసి రెండోది ఖాళీగా వదిలితే అమెరికా వీసా మీద మొదటి పేరు తెలియదన్న అర్థంలో ఎఫ్.ఎన్.యు. అని ముద్రిస్తారు. అలా ఎంతోమంది తెలుగువాళ్ల మొదటి పేరు ఎఫ్.ఎన్.యు. అయింది.

విదేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేరే వడపోత పెడతాయి. ళ, ణ, ఒత్తు ధ, ఒత్తు భ లేకుండా చూస్తారు. ఇంగ్లీషు స్పెల్లింగులో బూతు మాట దొర్లుతుందేమోనని హర్షిత్ లాంటి చక్కని పేరును పక్కన పెడతారు. మాయ, నీల్, రియా, ఆన్య మిగులుతాయి. ఆ పేర్లు వేసవి సెలవుల్లో బంధువుల వెంట తిరిగి వచ్చి ఇక్కడి బారసాలల్లోనూ చేరుతున్నాయి.

బారసాల పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాసేటప్పుడు మాత్రం ఇంకా తెలుగు అక్షరాలే రాస్తున్నారు. విహాన్ రాసే తండ్రి చివర 'న' మీద పొల్లు ఎలా పెట్టాలా అని బియ్యంలో ఒక్క క్షణం ఆగుతాడు. పక్కనున్న నానమ్మ ఈలోగా ఉయ్యాల తాడు పట్టుకుని 'విహానయ్యా' అని పిలవడం మొదలుపెట్టేస్తుంది.